నెగటివ్ కడ్డీల వైపు

"సంతకం పెట్టేయండి మేడమ్. మట్టి ఇప్పుడు కడిగిన ముత్యంలా ఉంది," అంటూ మేనేజరు రిపోర్టు నా ముందుకు తోశాడు.

ముత్యం ఎలా అయిందో నాకు తెలుసు. మా బ్యాటరీల ఫ్యాక్టరీ ఆవరణలో బంకమట్టి నిండా సీసమే. దాన్ని లాగేయడానికి రెండు వరసల్లో కడ్డీలు పాతించి, ఆరు నెలలు కరెంటు పెట్టించింది నేనే. తడిలో కరిగిన సీసం చీమల బారులా కదిలి, నెగటివ్ కడ్డీల దగ్గరికి చేరింది. అక్కడి నీళ్లు తోడేయాలి. తోడే పంపు ఇంతవరకూ కొననే లేదు. ఆ కడ్డీలున్నది స్టాఫ్ క్వార్టర్స్ గోడ వారన.

"మనం పరీక్ష చేసింది పాజిటివ్ కడ్డీల వైపు మట్టే. గోడ వైపుది కూడా చేయాలి సార్."

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఈ వైపు బాగుంది కదా, చాలు."

గోడ అవతలి పెరళ్లలో ఆకుకూర మళ్లు గుర్తొచ్చాయి. అయినా సంతకం పెట్టాను.

మేనేజరు నవ్వుతూ సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. "ఆరేళ్లుగా క్వార్టర్ కావాలని నా ప్రాణం తీస్తున్నారుగా! ఇదిగో, మూడో నంబరు, గోడ పక్కదే. మట్టి బాగుందన్న మీ రిపోర్టు కోసమే ఆగింది. మీ పాప ఆడుకోవడానికి పెరడు కూడా ఉంది."

వద్దనడానికి నోరు తెరిచాను. ఎందుకు వద్దో చెప్పాలంటే, ముందు ఆ సంతకం అబద్ధమని చెప్పాలి. దాని సిరా ఇంకా ఆరనే లేదు.

"ఏం మేడమ్, సంతోషంగా లేదా?"

"ఉంది సార్," అన్నాను.