ఇక మీటింగులు లేవు

"గెలిచామక్కా! ఇక ఊళ్లో ఏ మ్యాన్‌హోల్‌నీ మూత లేకుండా వదిలేయడానికి వీల్లేదు. చట్టమైపోయింది!"

టైలరమ్మ మిషను మీంచి తలెత్తలేదు.

డైరెక్టర్ గుమ్మంలోనే ఆగిపోయింది. స్వచ్ఛంద సంస్థ నడిపే ఆవిడ, ఈ టైలరమ్మ కొడుకు మూతలేని మ్యాన్‌హోల్‌లో పడి చనిపోయినప్పటి నుంచి ఏళ్ల తరబడి తిరగని ఆఫీసు లేదు. ప్రతి మీటింగులోనూ ఈ తల్లినే నిలబెట్టి మాట్లాడించింది.

"అయితే ఇక మీటింగులు ఉండవా మేడమ్?"

"ఉండవక్కా. పదే పదే ఆ సంగతి చెప్పించి నిన్ను చాలా ఏడిపించాను. ఇక నీకా బాధ లేదు."

మిషను ఆగింది.

"ఇంట్లో వాడి మాటెత్తితే మా ఆయన కంచం ముందు నుంచి లేచిపోతాడు. ఇరుగుపొరుగు మాట మార్చేస్తారు. మీ మీటింగుల్లోనే కదా మేడమ్, వాడి పేరు నోరారా పలికేది! ఇక ఎక్కడ పలకను?"

ఆ గుంత ఎంత లోతో, పిల్లాణ్ణి ఎలా బయటికి తీశారో అంతా డైరెక్టర్‌కు కంఠతా వచ్చు. వాడు బతికుండగా ఎలా ఉండేవాడో ఒక్కనాడూ అడగలేదు.

చేతిలో ఫోన్ మోగింది. పత్రికలవాళ్లు. కట్ చేసి, గుడ్డముక్కలు పక్కకు జరిపి నేల మీద కూర్చుంది.

"వాడికి ఏం చేస్తే కోపమొచ్చేదక్కా?"

టైలరమ్మ ఆవిడ వంక నమ్మలేనట్టు చూసింది.

"తల దువ్వితే" అంది. అప్పుడు ఏడ్చింది.