గొంతు మీదికి ఎక్కిన పెట్టె

"హార్మోనియం పెట్టె పాడేవాడి గొంతు మీదికి ఎక్కకూడదు నాయనా. మీ నాన్నకి ఎంత చెప్పినా వినలేదు. అందుకే మాన్పించాను."

ఏలూరు నాటక సమాజంలో పద్యాలు నేర్పే వేంకటాచలం, తండ్రి స్థానంలో హార్మోనియం వాయించడానికి వచ్చిన జుబేర్‌కి చెప్పిన మొదటి పాఠం అది.

పెంటపాడు శ్రీరామనవమి పందిట్లో జుబేర్ తొలిసారి వేదిక మీద కూర్చున్నాడు. నేర్పినట్టే తగ్గించి వాయించాడు.

కృష్ణుడి వేషంలో వేంకటాచలం పద్యం ఎత్తుకున్నారు. పైస్థాయికి వెళ్లేసరికి గొంతు చీలిపోయింది. ఏటా వన్స్‌మోర్ అని కేకలేసే జనం కిక్కురుమనలేదు. వెనక వరసలో ఎవరో నవ్వారు.

తెర పడ్డాక ఆయన కిరీటం తీయకుండానే జుబేర్ దగ్గరికొచ్చారు.

"నా గొంతు ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"చాన్నాళ్లయిందండి. మీరు పైస్థాయికి వెళ్లినప్పుడల్లా గట్టిగా వాయించి కప్పెయ్యమని నాన్న పోయేముందు చెప్పారండి. మీరు తిట్టినా పడమన్నారు."

ఆయన కిరీటం తీసి చేతిలో పట్టుకున్నారు.

"మరి ఇవాళ ఎందుకు వాయించలేదు?"

జుబేర్ తల ఎత్తకుండా పెట్టె మూత వేశాడు.

"నాన్నని మాన్పించింది అందుకే కదండీ."