అలక తీర్చే మాట

భార్యల అలక తీర్చే మాటలు మగవాళ్లకు తట్టే రోజులు పోయాయి. ‘సన్నజాజి’ మహిళా పత్రికే వారం వారం వాళ్లు చెవిలో పెట్టుకునే మాటలందించే మిషన్లలోకి పంపుతోంది. ఆ మాటలు రాసేది వకుళ. అందుకే కాకినాడలో ఆమె ఉండే అపార్టుమెంటులో శుక్రవారం పొద్దున్నే అన్ని వాటాల్లోంచీ ఒకే వాక్యం వినిపించేది: “నువ్వు లేకపోతే నేను సున్నా.”

ఒకనాడు వకుళే మూతి ముడుచుకుని కూర్చుంది. భర్త సూర్యారావు చెవిలోంచి మిషను తీసి బల్ల మీద పెట్టాడు.

“తప్పు నాదే. కాస్త నీది కూడా,” అన్నాడు.

వకుళకు నవ్వాగలేదు. ఇంత మంచి మాట తనకెందుకు తట్టలేదా అనుకుని, ఆ వారం సంచికలో వేసేసింది.

శుక్రవారం మగవాళ్లంతా అదే అన్నారు. మరుక్షణం పై వాటాలోనూ కింది వాటాలోనూ స్టీలు గిన్నెలు మోగాయి. వకుళ పకపకా నవ్వుతూ మొగుడి వైపు తిరిగింది. అతను నవ్వడం లేదు.

“అది నీకు చెప్పిన మాట. ఊరందరికీ ఎందుకిచ్చావు?”

ఊరి అలకలన్నీ తీర్చే మనిషి బల్ల మీది మిషను వైపు చెయ్యి చాచి, సిగ్గేసి వెనక్కి తీసుకుంది.

“తప్పు నాదేనండీ. మీది కాస్త కూడా లేదు,” అంది మెల్లగా.

ఆ మాట మాత్రం పత్రికకు పంపలేదు.