భీమిలి వైపున్నాను

“వరహాలు బావా, ఎక్కడున్నావు?”

వైర్లెస్ సెట్టులో జగ్గారావు గొంతు. పొద్దుట్నుంచీ ఇదే ప్రశ్న.

వరహాలుకి ఒళ్లు మండింది. వలలో చేప పడ్డప్పుడే వీడికి బావ గుర్తొస్తాడు.

వరహాలు విశాఖ ఫిషింగ్ హార్బర్లో పేరున్న సరంగు. బోటు నడిపేదీ, వల ఎక్కడ వెయ్యాలో చెప్పేదీ అతనే. జగ్గారావు కళింగపట్నం వైపు నుంచి ఈ ఏడే వచ్చిన సరంగు. ఇద్దరి బోట్లకీ ఓనరు దేవీప్రసాదే. ఆయన కట్టిస్తున్న కొత్త పెద్ద బోటు ఈ ఇద్దరిలో ఒకరికే దక్కుతుంది.

ఆ ఒకడు తానే కావాలి. వల లాగే కలాసీగా బోటెక్కిన నాటి నుంచీ వరహాలుకి పెద్ద బోటు నడపాలని ఒకటే పట్టుదల. నిన్నగాక మొన్న వచ్చినోడు తన్నుకుపోతే చూస్తూ ఊరుకుంటాడా?

అయినా చేపలున్న చోటు సెట్టులో ఎవడు చెబుతాడు? చెబితే రేవు రేవంతా వచ్చి మీద పడుతుంది. అందుకే అక్కడ అందరూ అబద్ధమే చెబుతారు, ఎవరూ తప్పు పట్టరు.

“భీమిలి వైపున్నాను బావా,” అన్నాడు వరహాలు, భీమిలికి సరిగ్గా వ్యతిరేక దిక్కున, పూడిమడక ఎదురుగా వల లాగిస్తూ.

“అంత దూరం ఎల్లిపోయావేటి? గాలి తిరుగుతంది, సూసుకో.”

“నాకు సెప్పొచ్చాడు పెద్ద మొనగాడు,” అని గొణుక్కుని సెట్టు కట్టేశాడు.

కలాసీ సాయిశంకర్ నసిగాడు. “సెట్టు ఉండనీ అన్నా. ఆకాశం బాలేదు.”

“ఉంటే మళ్లీ అడుగుతాడు. లాగరా.”

మధ్యాహ్నానికి గాలివాన విరుచుకుపడింది. చావు తప్పి, మర్నాడు తెల్లారాక రేవు చేరారు. బోటు నిండా చేపే.

జెట్టీ మీద దేవీప్రసాద్ వానలో తడుస్తూ నిలబడి ఉన్నాడు. చేప వంక చూడనైనా లేదు.

“జగ్గారావు రాలేదు,” అన్నాడు. “నీ సెట్టు పలకట్లేదని, భీమిలి పోయి నిన్ను చూసొస్తానని నిన్న సెట్టులో చెప్పాడు. అదే ఆఖరి మాట.”

దిగబోతున్న వరహాలు బోటులోనే ఆగిపోయాడు.

“నాను భీమిలిలో లేను బాబూ. అబద్దం సెప్పాను.”

“అందరం సెబుతాం కదన్నా,” అన్నాడు సాయిశంకర్.

“ఆడిని అక్కడికి పంపింది అందరూ కాదురా, నాను. డీజిలు పొయ్యి.”

“గాలి ఇంకా తగ్గలేదు,” అన్నాడు దేవీప్రసాద్.

“తగ్గేదాకా ఆడు నీళ్లలో ఆగుతాడా బాబూ?”

ఇంజను వేస్తూనే సెట్టు తెరిచాడు. రేవులో ప్రతి బోటుకీ వినబడేలా చెప్పాడు.

“వరహాలుని మాట్లాడతన్నాను. నాను పూడిమడక కాడుండి భీమిలి అన్నాను. నా మాట నమ్మి జగ్గారావు పోయాడు. తప్పు నాదే. తిట్టేది తరవాత తిట్టండి, ముందు బోట్లు తియ్యండి.”

బోట్లు కదిలాయి.

సాయంత్రానికి, డ్రమ్ములు పట్టుకుని తేలుతున్న జగ్గారావు కలాసీలు దొరికారు. చెయ్యి అందించి ఒక్కొక్కణ్నీ పైకి లాగింది వరహాలే.

జగ్గారావు మాత్రం దొరకలేదు.

మర్నాడూ వెతికాడు. ఆ మర్నాడూ వెతికాడు. పడుకోమన్నవాళ్లని కసిరాడు. చివరికి డీజిలు అయిపోయి వెనక్కి వచ్చాడు.

జెట్టీ దిగి తిన్నగా దేవీప్రసాద్ ముందుకెళ్లి నిలబడ్డాడు.

“కొత్త బోటు నాకొద్దు బాబూ. దాని మీద ఆశతోనే మనిషిని సంపుకున్నాను. అది జగ్గారావుకి రావాల్సిన బోటు.”



“అతనికే ఇద్దామనుకున్నాను వరహాలూ,” అన్నాడు దేవీప్రసాద్. “కానీ ఆ రోజు వేటకి బయల్దేరే ముందే మా ఇంటికొచ్చి, ‘నాకొద్దు బాబూ, వరహాలుకియ్యండి, అంతటి సరంగు ఈ రేవులో లేడు’ అని చెప్పి మరీ వెళ్లాడు.”