హిడ్మే పెట్టిన పాస్‌వర్డ్

'పాస్‌వర్డ్ తప్పు' అంది ట్యాబ్, రెండోసారి.

గంగారత్నం మేడం బడి ట్యాబ్‌ను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఆ పాస్‌వర్డ్ ఆమె మరిచిపోయేది కాదు. కన్నకూతురి పేరే పెట్టుకుంది. ఒక్కో అక్షరం చూసుకుంటూ మళ్లీ కొట్టింది. మళ్లీ అదే మాట.

ఎదురుగా కుర్చీలో కూర్చున్న రాంప్రసాద్ సార్ వాచీ చూసుకున్నాడు. బ్లాక్ ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన మనిషి.

"ఏంది మేడం, తెరుచుకుంటలేదా? మీ హాజరు ఒక్కటి చూస్తే నా పనైపోతది. ఇంక తర్లగూడ దాక పోవాలె నేను."

"నెట్‌వర్క్ సరిగ్గా లేదు సార్..."

"పాస్‌వర్డ్‌కు నెట్‌వర్క్ ఎందుకు మేడం?"

ఆమె మళ్లీ ట్యాబ్ మీదికి వంగింది. అప్పటిదాకా అంతా బ్రహ్మాండంగా నడిచింది. సోమవారం తను చెప్పిన ఆన్‌లైన్ జాగ్రత్తల పాఠాన్ని పిల్లలు గడగడా అప్పజెప్పారు. పాస్‌వర్డ్ ఎవరికి చెప్పాలి అని సార్ అడిగితే, అమ్మానాయినకు తప్ప ఎవ్వరికీ చెప్పొద్దని గది దద్దరిల్లేలా అరిచారు. వేరేవాళ్లకు తెలిసిపోతే ఏం చెయ్యాలి అంటే, వెంటనే మార్చాలె అన్నారు. సార్ మురిసిపోయాడు కూడా.

చాప మీద నుంచి ఐదో తరగతి హిడ్మే లేచి నిలబడింది.

"మేడం, పాస్‌వర్డ్ నేను మార్చిన."

గంగారత్నం ట్యాబ్ మీద నుంచి తలెత్తింది. ఈ నెలలో పదకొండు రోజులు ఆమె ఈ బడి గడప తొక్కలేదు. భోపాలపట్నంలో తన ఇంట్లోనే ఉంది. ఆ పదకొండు రోజులూ బడి తాళం తీసి, ట్యాబ్ తెరిచి, మేడం పేరు పక్కన 'హాజరు' నొక్కింది ఈ పిల్లే. పాస్‌వర్డ్ చెప్పి, ఎక్కడ నొక్కాలో దగ్గరుండి చూపించింది మేడమే. నిజం చెప్పాలంటే ఆమె ఈ బడిలో నేర్పిన మొదటి కంప్యూటర్ పాఠం అది. ఇప్పుడు ఆ పిల్ల నోరు జారితే ఉద్యోగం ఊడినట్టే.

"నువ్వు మార్చుడేంది?" అన్నాడు సార్.

"నిన్న చింటూ నా ఎనక నిలబడి చూసేసిండు సార్. వేరేటోళ్లకు తెలిస్తే మార్చాలని మేడం చెప్పింది గదా."

"మంచిదే. అసలు ట్యాబ్ నీ చేతికెట్ల వచ్చింది?"

హిడ్మే మేడం వైపు చూసింది. మేడం నేల వైపు చూసింది.

"నేను ట్యాబ్ లీడర్‌ను సార్. మేడమే పెట్టింది."

"శాబాష్! పిల్లలకు బాధ్యత ఇయ్యాలంటే ఇట్ల ఇయ్యాలె. అయితే కొత్తది ఏందో చెప్పు బేటీ."

"చెప్పొద్దు సార్."

"నాకు గూడనా?"

"మీరు మా నాయిన కాదు గదా."

సార్ పడీపడీ నవ్వాడు. "సరే, నువ్వే కొట్టు తల్లీ!" అన్నాడు. హిడ్మే ట్యాబ్‌ను గోడ వైపు తిప్పుకుని, ఒక్క వేలితో చాలాసేపు కొట్టి, తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన తెర మీద వేలు జరుపుకుంటూ పోయాడు. "ఇరవై రెండు పని దినాలు, ఇరవై రెండు హాజరు. ఒక్క దినం గూడ లేటు లేదు. ఈ అడవి దారిల ఇంత దూరం వచ్చి... జిల్లా మీటింగుల మీ పేరు నేనే చెప్త మేడం. పిల్లలూ, మీ మేడానికి చప్పట్లు కొట్టుండ్రి!"

పిల్లలు కొట్టారు. ఖాళీ కుర్చీ ముందు కూర్చుని ఎన్ని పూటలు గడిపారో ఆ ముప్పై మందికీ తెలుసు. ఒక్కరూ పెదవి విప్పలేదు. గంగారత్నం సిగ్గుతో చచ్చిపోయింది. ఎవరైనా లేచి ఇదంతా అబద్ధమని అరిస్తే బాగుండనిపించింది. ఆ అరిచే ధైర్యం తనకే లేదు.

జీపు వెళ్లిపోయాక హిడ్మేను దగ్గరికి పిలిచింది. ఎంత సిగ్గుపడ్డా ట్యాబ్ మళ్లీ తెరవాలి కదా.

"కొత్త పాస్‌వర్డ్ నాకు చెప్పమ్మా."

హిడ్మే మేడాన్ని పైనుంచి కిందిదాకా చూసింది. చివరికి, "మీరు మా అమ్మ లెక్కనే గదా," అంది. "నోటితోని చెప్పను. రాసి చూపిస్త. మరిచిపోనిది పెట్టుకోవాలన్నరు గదా మేడం, అందుకే పొద్దున్నే బడి తెరిచి ఒకటో తరగతి పిల్లలకు రోజూ చెప్పే మాటే పెట్టిన."

పలక తెచ్చి, ఎవరూ చూడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, సందు లేకుండా ఇంగ్లీషు అక్షరాలు వరసగా రాసి మేడం ముందుకు జరిపింది.

గంగారత్నం కూడబలుక్కుని చదివింది.

'మేడంరేపొస్తది.'