ఎత్తు మీద చేతులు

పంజాగుట్ట ఎత్తు సగం ఎక్కేసరికి సుమశ్రీ సైకిల్ వంకర్లు తిరిగింది.

వెనక బస్సు హారన్ మోగింది. ఆమె కాలు కింద పెట్టేసింది.

అమీర్‌పేట హాస్టల్ నుంచి ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్లాలని పట్టుదల. రోజూ ఇక్కడే దిగి నెట్టుకోవాల్సి వస్తోంది.

"జర చేతులు హ్యాండిల్ పైకి పెట్టుకో బేటా."

పక్కన ఓ పాత లేడీస్ సైకిల్ ఆగింది. దాని మీద తలకి దుపట్టా చుట్టుకున్న నలభై ఏళ్ల మనిషి. ఆయాసమే లేదు.

"వంగి తొక్కితేనే వేగం కదండీ? రేసుల్లో అందరూ అంతేగా."

"గది సాపు రోడ్డు మీద, గాలిని కోసుకుంట పోయేటప్పుడు. ఎత్తు మీద పోయేదే నిమ్మళంగ, ఇంక గాలి ఏం అడ్డం? వంగితే పొట్ట నొక్కుకపోయి ఊపిరి అందది."

సుమశ్రీ నమ్మలేదు. కానీ నిజమేనా అన్న కుతూహలం రాత్రంతా వదల్లేదు.

మర్నాడు హ్యాండిల్ కిందికి వంగిన కొసలు వదిలి, పైభాగం పట్టుకుని తొక్కింది.

"గంత గట్టిగ పిసకకు. చేతులు బిగవడితే కాళ్లకు బలమొస్తదా?" కుడిపక్క నుంచి అదే గొంతు.

వేళ్లు వదులు చేసింది. మొదటిసారి దిగకుండా పైకి చేరింది.

ఆవిడ పేరు అతియా. ఆనాటి నుంచి రోజూ తోడు వచ్చేది. కుడివైపు, కాస్త వెనకగా. ఎన్నడూ దాటేది కాదు.

"ఒక్కసారైనా నన్ను దాటరేంటండీ?"

"నాకేం తొందర?"

నేర్పిన మనిషినే మించిపోయానని సుమశ్రీ లోలోపల మురిసిపోయింది. పైకి చేరగానే వెనక్కి చూడకుండా ఆఫీసు దారి పట్టేది.

ఓ సోమవారం అతియా రాలేదు. మంగళవారమూ రాలేదు.

ఆ రోజే ఓ బస్సు కుడి మోచేతిని రాసుకున్నంత దగ్గరగా దూసుకుపోయింది. సుమశ్రీ సైకిల్‌ని ఎడమకి లాగేసింది.

ఇన్నాళ్లూ ఏ బస్సూ ఇంత దగ్గరికి రాలేదేం?

పైన టీ బండి రాజనర్సయ్య దగ్గర ఆగింది.

"అన్నా, రోజూ నాతో వచ్చే అతియాగారు కనిపించారా?"

"టీచరమ్మనా? జహీరాబాద్ ట్రాన్స్‌ఫర్ అయింది. మొన్ననే పోయిండ్రు."

"అయ్యో. ఆవిడ స్కూలు ఇక్కడేనా? వెళ్లి ఫోన్ నంబర్ అడుగుతాను."

రాజనర్సయ్య గ్లాసు కడుగుతూ ఆమెని వింతగా చూశాడు.

"ఇక్కడేంది బిడ్డా, గామె బడి అమీర్‌పేట అవతల ఎర్రగడ్డల, నువ్వు పైకి ఎక్కంగనే సైకిల్ మలుపుకొని మల్ల కిందికే పోతుండె."