షిఫ్టు దిగిన మనిషి

లస్మవ్వ కట్టుకున్నవాణ్ని మరిచిపోయి, దారిన పోయేవాణ్ని మొగుడనుకుంది. ఆమె భర్త సదయ్య లెక్కలో అది ద్రోహం.

డాక్టరు మాత్రం జబ్బన్నాడు. మెదడులో మాంసకృత్తులు మడత తప్పి, ఒకదానికొకటి అంటుకుని గడ్డలయ్యాయట.

"కరగవా సారూ?"

"కరగవు. బొగ్గుపొయ్యిలో రాయిలాగ మిగిలే గడ్డ తెలుసుగా? మళ్లీ మంట పెట్టినా అట్లనే ఉంటది. ఇవీ అంతే. కొత్తవి ఆమెకు నిలవవు. పాత అలవాట్లే చివరిదాకా ఉంటయి."

సదయ్య గోదావరిఖని గనుల్లో బొగ్గు కొట్టి ముసలివాడయ్యాడు. రిటైరైన నాడు ఒళ్లంతా రుద్దుకుని స్నానం చేసి, ఇక జన్మలో బొగ్గు ముట్టనన్నాడు. అప్పటినుంచి తెల్ల పంచె, తెల్ల అంగీ.

వండిపెట్టి పిలిస్తే లస్మవ్వ కొంగు సర్దుకునేది.

"ఎవలు నువ్వు? మా ఆయన డ్యూటీకెళ్లి రాలే. ఆయన తినంది నేను తిన."

ఒకరోజు షిఫ్టు సైరన్ మోగింది. ఎవడో బొగ్గు బస్తా సైకిలు మీద వేసుకుని తోసుకుంటూ పోతున్నాడు. ముఖమంతా మసి. లస్మవ్వ ఎదురెళ్లి చెయ్యి పట్టుకుంది.

"గింత లేటా? మొఖం తర్వాత కడుగుదువు. ముందు తిను."

ఆ ఇంటి పద్ధతి ఎప్పుడూ అదే. ఆకలికి ఆగలేక సదయ్య మసితోనే తిని, తర్వాత స్నానం చేసేవాడు.

వచ్చినవాడు బిత్తరపోయాడు. పేరు బద్రుద్దీన్ అన్నాడు. కూర్చుని తిన్నాడు. అతను తిన్నాక ఆమె తిన్నది, చాన్నాళ్లకు కడుపునిండా.

ఆ తర్వాత రోజూ వచ్చేవాడు, అదే మసి ముఖంతో.

"పులుసు ఎట్లుంది?"

"మంచిగుంది."

"ఉప్పెక్కువైంది. నాతోని అబద్ధాలు చెప్పకు."

పులుసు కాచింది సదయ్య. ఆమె నవ్వుతుంటే మూలన కూర్చుని వినేవాడు.

పక్కింటి మొగిలి ఊరుకోలేదు. "సదన్నా, నీ డ్యూటీ వేరేటోడు చేస్తుండు. నువ్వు లీవుల ఉన్నవా?"

అది గుచ్చుకుంది.

"రేపటి నుంచి రాకు," బద్రుద్దీన్‌తో అన్నాడు సదయ్య.

"అక్క తినదన్నా."

"నా పెండ్లాం ఫికర్ నీకెందుకు?"

బద్రుద్దీన్ సలాం పెట్టి వెళ్లిపోయాడు.

సైరన్ మోగినప్పుడల్లా లస్మవ్వ గడపలో నిలబడేది. సదయ్య బతిమాలాడు, కసిరాడు. ఆమె ముద్ద ముట్టలేదు. వానలు పడకముందే పోయింది.

దినాలకు సాంబ్రాణి కావాలని సదయ్య చౌరస్తాలోని అత్తరు దుకాణానికి వెళ్లాడు. లోపల తెల్ల లాల్చీ వేసుకుని, కళ్లకు సుర్మా పెట్టుకున్న మనిషి. ఎన్నడూ చూసిన ముఖం కాదు.

"అక్క తింటుందా అన్నా?"

గొంతు విన్నాక గాని బద్రుద్దీనని పోల్చుకోలేదు.

"సాంబ్రాణి ఆమెకే."

బద్రుద్దీన్ పొట్లంలో ఇంకో గుప్పెడు పోశాడు.

పొట్లం అందుకుంటూ సదయ్య అడిగాడు. "నువ్వు బొగ్గు మోసేటోనివి గాదా?"

"ఆ ఒక్కనాడే మోసిన, ఇంట్ల పొయ్యికని. తెల్లారి కడుక్కున్న మొఖంతోని వస్తే, 'ఎవలు నువ్వు' అని అక్క వాకిట్లనే ఎళ్లగొట్టింది. నువ్వు ఇంట్ల లేవప్పుడు. అందుకే రోజూ మీ గల్లి మలుపుల మసి పూసుకొని వచ్చేటోణ్ని."

సదయ్య తన తెల్ల అంగీ వైపు చూసుకున్నాడు. లస్మవ్వ తనను మరిచిపోయిందన్న మాట మళ్లీ ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఇక ఎత్తడు.